సెకనుకి ఎన్ని

నర్సాపురం బస్టాండు వెనక సందులో
మెట్లెక్కితే రెండో గది, నా స్టూడియో.
ఆషాఢం. పెళ్లిళ్లు లేవు.
లేసు సొసైటీ వాళ్ల మూడు నిమిషాల ముక్క ఒకటి
కోతలన్నీ అయిపోయి టైమ్‌లైన్ మీద పడుంది.
బయటికి తియ్యడమే తరువాయి.

తియ్యడానికేముంది, మీట నొక్కడమేగా
అంటారు ఎప్పుడూ నొక్కని వాళ్లు.
నొక్కితే ఓ కిటికీ తెరుచుకుంటుంది,
తాసీల్దారాఫీసు గుమాస్తాలా అడగడం మొదలెడుతుంది.
ఏ పెట్టెలో సర్దమంటావు?
ఎంత గట్టిగా నొక్కి కట్టమంటావు?
సెకనుని ఎన్ని ముక్కలు చెయ్యమంటావు?

ముందు ఇరవైనాలుగన్నాను.
సినిమా వాళ్ల లెక్క, నాకూ ఉంది ఆ మోజు.
కానీ నేను తీసింది యాభైలో.
యాభైని ఇరవైనాలుగుతో భాగిస్తే
మిగిలిన రెండూ ఎక్కడికి పోవాలి?
చోటు చాలక పంటు దిగిపోయిన సైకిళ్లలా
రేవులోనే నిలబడిపోయాయి.
బొమ్మ అక్కడక్కడా కాలు తడబడింది.

సరే, ఇరవైఅయిదు. సగానికి సగం,
అన్నదమ్ముల పంపకంలా కాదు, నిజంగా సగం.
కానీ బరువు.
"వాట్సాప్‌లో కొట్టెయ్యండి, ఆయ్" అన్నాడు సెక్రటరీ.
బిట్‌రేటు తగ్గించాను.
ఇంకాస్త తగ్గించాను.

ఈ యంత్రానికి ఖాళీ అంటే గిట్టదు.
ఎక్కడ కన్నం కనబడ్డా
పక్కనున్న రంగు తెచ్చి పూడ్చేస్తుంది.
లేసంటేనే కన్నాలు కదా.
గంజి పెట్టిన లేసు తీశాను నేను,
తెర మీద లేసు వేసిన గంజి వచ్చింది.

పోనీ ఫ్రేములు తగ్గిద్దామని
పదిహేనుకి దింపాను.
ఒక్కోదానికీ కాస్త ఎక్కువ తిండి.
కన్నాలు తేలాయి. పూలు తేలాయి.
హమ్మయ్య అనుకుంటుంటే
మెట్ల మీద చెప్పుల చప్పుడు.

కొల్లాటి సువార్తమ్మ గారు.
తీసింది ఆవిడ చేతుల్నే.
"ఏదీ, చూపించు బాబూ."
కళ్లజోడు పమిటకొంగుతో తుడిచి పెట్టుకుంది.
మొహం వచ్చినప్పుడు చూడలేదు,
చేతులొచ్చాక ముందుకి వంగింది.

"మళ్లీ వెయ్యి."
వేశాను.
"ఇంకోసారి."
వేశాను.
"ఇదిగో ఇక్కడ. కొక్కెం లోపలికెళ్లింది.
బయటికొచ్చేసింది. దారం ఎప్పుడు చుట్టాను నేను?
చుట్టకుండా వస్తే కుట్టు పడదు బాబూ.
ఇది చూసి ఎవత్తైనా నేర్చుకుందనుకో,
లాగితే ఊడిపోద్ది."

అసలు ఫైలు తెరిచాను.
బాణం మీట ఒక్కో నొక్కుకీ ఒక్కో ఫ్రేము.
కొక్కెం దూరింది.
చూపుడువేలు వంగింది.
దారం దాని మీదికి పాకింది.
మెలి.
మూడంటే మూడు ఫ్రేములు.
నలభై ఏళ్లుగా రోజుకి ఎన్ని వేలసార్లో
ఆవిడ చేసిందీ, ఎన్నడూ చూసుకోనిదీ
ఆ మూడింట్లోనే ఉంది.
"అదీ" అంది,
తప్పిపోయిన కోడిపిల్ల దొరికినట్టు.

యాభైలోనే తీస్తానన్నాను.
బరువు సంగతి దేవుడెరుగు.
ఎనభైమూడు శాతం దగ్గర కరెంటు పోయింది,
యూపీఎస్ నాలుగు కూతలు కూసి నోరుమూసుకుంది.
ఆవిడ కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని
సంచీలోంచి దారపు ఉండ తీసింది.
గంటకి కరెంటొచ్చింది.
ఆ గంటలో అక్కడ ఓ పువ్వు పెరిగింది.
నేను మళ్లీ సున్నా నుంచి.

పెన్‌డ్రైవు దారపు డబ్బాలో పడేసుకుని
ఆఖరి పంటుకి సఖినేటిపల్లి వెళ్లిపోయింది.
దాని బరువు ఆవిడకి తెలీలేదు.

రాత్రి తొమ్మిదింటికి సెక్రటరీ ఫోను.
"మా టీవీలో ఆడట్లేదండీ.
ఫార్మాట్ సపోర్ట్ చెయ్యదంటంది."

"ఏ టీవీ అండీ మీది?" అన్నాను,
ఆ కిటికీ మళ్లీ తెరుస్తూ.